పెరిక్ కోసం వెతకకండి, వర్జీనియా నిలబడిందో లేదో చూడండి

మీరు అడిగింది ఇదీ: పైపు మొదలుపెట్టి ఆరు నెలలైంది. అమెరికా నుంచి వచ్చిన మీ బావగారు ఎస్కుడో అనే పైపు పొగాకు డబ్బా ఒకటి తెచ్చిచ్చారు. వర్జీనియా అనే తీపి ఆకు, పెరిక్ అనే ఊరబెట్టిన ఆకు కలిపిన పొగాకుల్లో పేరున్నది. చదివిన ప్రతి రివ్యూలో అంజీర, ప్లమ్, మిరియాలు అని ఉంది. మీకు మాత్రం మూత తీయగానే వెనిగర్ వాసన, కాలిస్తే నాలుక మంట. అంతకు మించి ఏమీ తెలియలేదు. సరుకు పాడైందా, రివ్యూలు అబద్ధమా, లేక మీ నాలుకకే రుచి తెలియదా అని అడుగుతున్నారు.

సరుకు పాడైందని నేననుకోను. మీ నాలుకలోనూ లోపం లేదు. తడి ఆకును వేడిగా కాల్చారు, అదీ సంగతి. పైగా రివ్యూ పక్కన పెట్టుకుని అందులో రాసిన పండ్ల కోసం వెతికారు. ఈ రెండూ మానేసి చూడండి.

నా గురించి రెండు మాటలు. మాది పొదిలి దగ్గర పల్లె. నాన్నకి రెండు బ్యారన్లు, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టాలు, ఉండేవి. చదువయ్యాక ఆకు కొనే కంపెనీలో ఇరవై ఆరేళ్లు గ్రేడ్లు చూసే పని చేశాను. పైపు అలవాటు కూడా ఆ ఉద్యోగంలోనే అంటుకుంది. అందుకని వర్జీనియా గురించి కాస్త ధైర్యంగా చెప్పగలను. పెరిక్ మాత్రం మీలాగే డబ్బాల్లో చూసి నేర్చుకున్నదే.

వర్జీనియా మనవాళ్లకు కొత్త కాదు. పొగాకు బోర్డు కాగితాల్లో ఎఫ్‌సీవీ (ఫ్లూ క్యూర్డ్ వర్జీనియా, గొట్టాల వేడితో ఆరబెట్టిన వర్జీనియా) అని రాసేది దాన్నే. 1839లో అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యాస్వెల్ కౌంటీలో, స్టీఫెన్ అనే బానిస కుర్రవాడు రాత్రి కొట్టంలో నిప్పు కాస్తూ నిద్రపోయాడనీ, ఆరిపోతున్న నిప్పు మీద కంగారుగా బొగ్గులు వేస్తే ఆ వేడికి ఆకు పసుపుపచ్చగా తేలిందనీ చెబుతారు. గొట్టాల్లో వేడి పంపి ఆకు ఆరబెట్టడం తర్వాత స్థిరపడింది. మన గుంటూరు నల్లరేగడి నేలల్లో 1920ల నుంచి ఈ ఆకు ఉంది. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో వచ్చింది, గుంటూరులో పొగాకు బోర్డు 1976లో.

చిన్నప్పుడు రాత్రిళ్లు బ్యారన్ పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తూ కూర్చునేవాణ్ణి. మొదటి ఒకటి రెండు రోజులు వేడి 35, 40 డిగ్రీల మధ్యే ఉంచాలి. అప్పుడు ఆకు ఇంకా బతికే ఉంటుంది. అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతూ, పచ్చదనం పోయి పసుపు ఎక్కుతుంది. ఆ తర్వాతే మెల్లగా వేడి పెంచుకుంటూ పోయి, చివర ఈనె ఎండేసరికి 70 డిగ్రీల దాకా తేవాలి. తొందరపడి ముందే మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఆలస్యం చేస్తే ఎర్రబారి మచ్చలు పడుతుంది. నాన్న కిటికీ అద్దంలోంచి టార్చి వేసి రంగు చూసి, ‘ఇంకో రెండు గంటలు ఆగు’ అనేవాడు. ఇప్పుడు మీ పైపులో తీపి అంటూ ఏదైనా తెలిస్తే అది ఆ రెండు రోజుల్లో పుట్టిన చక్కెరే. ఈ చక్కెర ఎక్కువున్న ఆకు పొగ పులుపు వైపు ఉంటుంది, గబగబా లాగితే వేడెక్కి నాలుకను కొరుకుతుంది.

పెరిక్ కథ వేరు. ప్రపంచంలో అది ముఖ్యంగా ఒక్కచోటే తయారవుతుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రం, మిసిసిపీ నది పక్కన సెయింట్ జేమ్స్ పారిష్. అక్కడ పారిష్ అంటే మన జిల్లా లాంటిది. చొక్తా, చికసా తెగల వాళ్లు పొగాకును నొక్కిపెట్టి ఊరబెట్టే పద్ధతిని చూసి, 1824 ప్రాంతంలో పియర్ షెనే అనే రైతు దాన్ని బాగుచేశాడనీ, అతని ముద్దుపేరే పెరిక్ అనీ అక్కడ చెప్పుకుంటారు. ఆకును నీడలో ఆరబెట్టి, కొంచెం తడిపి, ఈనె తీసేసి, చిన్న కట్టలుగా మెలిపెట్టి, ఒకప్పుడు విస్కీ నిల్వ చేసిన పాత ఓక్ పీపాల్లో కుక్కుతారు. పైన మరజాకీతో బిగిస్తారు. ఆకులోని రసం బయటికొచ్చి ఆకునే ముంచేస్తుంది. గాలి తగలని ఆ రసంలో ఆకు పులుస్తుంది. మధ్యలో కొన్నిసార్లు పీపా విప్పి, కట్టలకు గాలి తగలనిచ్చి, అటూ ఇటూ మార్చి మళ్లీ బిగిస్తారు. ఇలా కనీసం ఏడాది.

మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇంత వివరం అక్కర్లేదు. ఉప్పులో వేసిన మామిడి ముక్క ఊట వదులుతుంది, ముక్కను పిండి ఎండబెడతాం, మళ్లీ ఆ ఊటలోనే వేస్తాం. ముక్క తన రసాన్ని తానే తాగి వేరే వస్తువైపోతుంది. పెరిక్ కూడా అంతే, ఉప్పూ ఎండా లేవు, బరువు ఉంది. నల్లగా, జిడ్డుగా, పుల్లని వాసనతో బయటికొస్తుంది. దాన్ని ఒక్కదాన్నే పైపులో వేసి కాల్చేవాళ్లు అరుదు. మామూలుగా నూటికి ఐదు నుంచి ఇరవై పాళ్ల దాకా కలుపుతారు, చాలా కంపెనీలు ఎంత కలిపారో చెప్పవు.

దీన్నిబట్టి మీరు తీర్పు చెప్పాల్సింది దేని మీదో చూడండి. పెరిక్ ఊరగాయ, వర్జీనియా అన్నం. కొత్తవాళ్లందరూ ఊరగాయ ఎక్కడ, ఊరగాయ ఎక్కడ అని వెతుకుతారు. నేను అన్నం ఎలా ఉడికిందో చూస్తాను. మంచి మిశ్రమంలో పెరిక్ తన రుచి చూపించడం కంటే వర్జీనియాను మార్చడమే ఎక్కువ చేస్తుంది. పచ్చి తీపిని కాస్త లోతుకు దించుతుంది, పులుపు పొగ పదును తగ్గిస్తుంది, గొంతు వెనకాల ఒక చిరుకారం నిలుపుతుంది. పెరిక్‌లో చక్కెర దాదాపు ఉండదు కాబట్టి సరిగ్గా కాల్చితే నాలుక మంట తగ్గాలి. మీకు పెరిగిందంటే తప్పు కాల్చే తీరులో ఉంది.

ఇప్పుడు మీ డబ్బా దగ్గరికి వద్దాం. ఎస్కుడో అంటే పాతకాలపు నాణెం పేరు. వర్జీనియా ఆకు, పెరిక్ కలిపి నొక్కి, తాడులా చుట్టి, అడ్డంగా కోసిన బిళ్లలు. ఒక బిళ్ల తీసి వెలుతురులో పెట్టి చూడండి. మన పది రూపాయల బిళ్లంత ఉంటుంది. మధ్యలో ముదురు చుక్క, చుట్టూ గోధుమరంగు పొరలు. గోరుతో పొర లేపితే సాగి ఊడిరావాలి. పెళుసుగా విరిగితే ఎండిపోయినట్టు, వేళ్లకు అంటుకుంటే తడి ఎక్కువ.

వెనిగర్ వాసనకు భయపడకండి. నొక్కి మూసిన వర్జీనియా డబ్బాలో అది మామూలే, పెరిక్ ఉంటే ఇంకొంచెం. 2018లో మూతపడిన మెక్‌లెలాండ్ అనే అమెరికా కంపెనీ డబ్బాలు తెరిస్తే టమాటా కెచప్ వాసన గుప్పుమనేది, జనం దానికే అలవాటుపడి ఇప్పుడు లేదని బాధపడుతున్నారు. మూత తీసి ఒక గంట వదిలేయండి. పైపైన ఉన్న పులుపు పోయాక అడుగున ఏ వాసన ఉందో అదే అసలు వాసన. నాకు ఎస్కుడో అడుగు వాసన ఏడాది దాటి నల్లబడిన చింతపండు, దాంతోపాటు ఎండిన వరిగడ్డి. మీకు వేరేది రావచ్చు.

నిజంగా పాడైందా అంటే బూజు ఒక్కటే చూడండి. ఆకు మీద మెరిసే తెల్ల రవ్వలు ఉంటే, నలిపినా కలకండ పొడిలా గట్టిగా తగిలితే, అది ఆకులోంచి పైకి తేలిన పదార్థమే, ఏమీ కాదు. దూది పింజలా, సాలెగూడులా మెత్తగా ఉండి, వానాకాలం మూసిన గదిలా కంపు కొడితే అది బూజు. డబ్బా మొత్తం పారేయండి. ఒక్క బిళ్ల తీసేసి మిగతావి దాచుకునే పొదుపు వద్దు.

తర్వాత పదును, అంటే ఆకులో తేమ. మండె (ఆకు కుప్ప) వేసేటప్పుడు, బేళ్లు తొక్కేటప్పుడు ఆకు పదును చూడని రైతు ఉండడు. పైపు పొగాకు కాల్చేవాళ్లు మాత్రం డబ్బాలోంచి తీసింది తీసినట్టు కుక్కేస్తారు. డబ్బాలో తేమ ఎక్కువ ఉంచేది నిల్వ కోసం, మీరు కాల్చడం కోసం కాదు. రెండు బిళ్లలు వేళ్లతో విడదీసి తెల్లకాగితం మీద ఆరబెట్టండి. హైదరాబాద్ ఎండల్లో అయితే అరగంట చాలు, కాకినాడలోనో విశాఖలోనో వానల్లో రెండు గంటలు పడుతుంది. చిటికెడు తీసుకుని నొక్కి వదలండి. ముద్దలా ఉండిపోతే ఇంకా తడి. చప్పుడు చేస్తూ విరిగితే మించిపోయింది. మెల్లగా విచ్చుకోవాలి. నాలుక మంటకు ఆవిరి ఒక పెద్ద కారణం, ఆ ఆవిరి ఈ తడి వల్లే.

పైపు సంగతి ఒక్క ముక్కలో: సన్నని గిన్నె (పొగాకు నింపే భాగం) ఉన్నది, ఇంతకు ముందు సువాసన కలిపిన పొగాకు గానీ, లటాకియా అనే పొగబెట్టిన ఆకు గానీ కాల్చనిది తీసుకోండి. వెనీలా పట్టిన పైపులో పెరిక్ తెలియదు. కాఫీ తాగి, ఆవకాయ అన్నం తిని రుచి చూడ్డానికి కూర్చోకండి. పప్పన్నం తిన్న గంటకు, పక్కన మామూలు నీళ్లు పెట్టుకుని కూర్చోండి. ఖాళీ కడుపున అసలు వద్దు. పెరిక్ ఉన్న మిశ్రమాల్లో నికోటిన్ మెత్తగా వచ్చి గట్టిగా తగులుతుంది. నేను మొదటిసారి ఒంగోలులో మేడ మీద మధ్యాహ్నం భోజనం మానేసి కాల్చి, కళ్లు తిరిగి, చెమటలు పట్టి, నీళ్ల ట్యాంకు గోడ పట్టుకుని అరగంట కూర్చున్నాను. మా ఆవిడ బెల్లం ముక్క నోట్లో పెట్టి తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

ఆ పక్కనే ఇంకో మాట. పైపు సిగరెట్టు కంటే నయం అని చాలామంది నమ్మకం. పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్‌కు దారి అదే. మూడేళ్ల కిందట పళ్ల డాక్టరు అద్దం పెట్టి నా అంగిట్లో తెల్లబారిన చోటు చూపించారు. అప్పటి నుంచి వారానికి ఒక్క గిన్నె. మీది ఇంకా ఆరు నెలల అలవాటే, ఇప్పుడు మానేయడం తేలిక. మానేస్తానంటే నేను సంతోషిస్తాను, ఈ సమాధానం వృథా అయిందని అనుకోను. కాలుస్తానంటే కనీసం మెల్లగా, తక్కువగా, పిల్లలకు దూరంగా.

ఒక గిన్నెను మొదటి నుంచి చివరి దాకా ఎలా చూస్తానో చెబుతాను. నింపేటప్పుడు అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా. మొదటి అగ్గిపుల్ల పైపొర నల్లబడడానికి మాత్రమే. అది పైకి లేస్తే మెల్లగా అదిమి, రెండోసారి వెలిగిస్తాను. మొదటి పది నిమిషాలు నేను ఏ తీర్పూ చెప్పను. అప్పుడు తెలిసేది వర్జీనియా పైపైన ఉన్న పులుపు, నిమ్మతొక్క లాంటిది, ఎండుగడ్డి. పెరిక్ ఆ దశలో ముక్కు చివర చిన్న గిలిగింత, అంతే. చాలా రివ్యూలు ఇక్కడే రాసేస్తారని నా అనుమానం.

గిన్నె మూడో వంతు దాటాక పొగను కొద్దిగా, చాలా కొద్దిగా, ముక్కులోంచి వదలండి. ఊపిరితిత్తుల్లోకి పీల్చడం కాదు. నోట్లో ఉన్నదాన్నే గొంతు వెనక నుంచి ముక్కుకు తోయడం, పోపు ఘాటు ముక్కుకు తగిలిన దారిలోనే. పెరిక్ నాలుక మీద కంటే అక్కడే తెలుస్తుంది. మిరియాలు అని అందరూ అనేది ఆ చోటి సంగతి. మిరపకారం కాదు. చారులో దంచి వేసిన మిరియం, మింగాక ఒక క్షణం ఆగి తగిలే వేడి. కన్ను చెమర్చేంత ఉంటే అతిగా వదిలారు, తగ్గించండి.

ఇదే సమయంలో చూడాల్సిన అసలు విషయం: కారం తగిలి తగ్గాక దాని వెనక తీపి మిగిలిందా? మంచి మిశ్రమంలో మిగులుతుంది. తాటిబెల్లం చీకినట్టు, కొంచెం ముదురు తీపి. కారం పోయాక ఏమీ లేక నోరు ఖాళీగా ఉంటే కింద ఆకు బలహీనం. కూర మాడితే కారం ఎక్కువేసి వడ్డించే హోటళ్లు ఉంటాయి చూడండి, అలాంటి పని పొగాకులోనూ చేస్తారు. పలచని, వయసు లేని ఆకు మీద పెరిక్ దట్టించేస్తే కొత్తవాళ్లు ‘అబ్బ, ఎంత ఘాటు’ అనుకుంటారు. నేను వాటికి మార్కులు వేయను. ఎస్కుడో అలాంటిది కాదు, దాని వర్జీనియా చివరి దాకా నిలబడుతుంది. ఘాటు తక్కువని కొందరు తీసిపారేస్తారు గానీ, నాకు ఆ మోతాదే సరిగ్గా అనిపిస్తుంది.

చివరి మూడో వంతు పరీక్షలో పాసయ్యేవి తక్కువ. తేమా రసమూ అడుగుకు దిగి ఉంటాయి. ఇక్కడ రుచి చిక్కబడాలి, చేదెక్కకూడదు. చింతపండు పులుసు దగ్గరపడ్డట్టు అయితే మంచిది. బూడిద నాకినట్టు, గొంతులో గీరినట్టు అయితే, తప్పు ఆకుదా మీదా అని తేల్చాలి. తేల్చడం కష్టమేం కాదు. గిన్నె బుగ్గకు ఆనించి చూడండి. కాలితే మీరు తొందరగా లాగుతున్నారు. చల్లగా ఉండి కూడా చేదెక్కితే ఆకు తప్పే. ఆరిపోతే ఆరిపోనివ్వండి. నాలుగైదుసార్లు మళ్లీ వెలిగించుకోవడం నామోషీ కాదు.

ఒకే పైపులో, ఒకే వేళకు, మూడు రోజులు వరుసగా ఇలా చేశాక రాసుకోండి. ఒక్క గిన్నెతో తీర్పు చెప్పేవాణ్ణి మా ఆఫీసులో ఆకు కొననిచ్చేవాళ్లం కాదు. ఒక బేలు పైపొర బాగుందని ధర పెట్టి, లోపల చెయ్యి పెడితే పచ్చాకు తగిలిన రోజులు ఉన్నాయి మాకు.

రాసుకునేటప్పుడు అంజీర, ప్లమ్ అనే మాటలు పక్కన పెట్టండి. అవి రాసినవాళ్ల వంటింటి మాటలు. వాళ్లు క్రిస్మస్ కేకులో ఎండుపండ్లు తిని పెరిగారు, ఆ వాసన రాగానే వాళ్లకు ఆ పేరు వచ్చింది. మీరు ప్లమ్ ఎన్నిసార్లు తిని ఉంటారు? మీకు మాగాయ జాడీ మూత, పాత చింతపండు, ఎండు ఖర్జూరం, బెల్లం పాకం, గడ్డివాము, ముంతలో పులిసిన కల్లు తెలుసు. ఆ మాటలే రాయండి. నా నోట్సులో ఒకచోట ‘అట్ల పిండి రెండో రోజు’ అని ఉంది. ఇంకెవరికీ అర్థం కాకపోయినా పదేళ్ల తర్వాత కూడా ఆ గిన్నె నాకు నోటికొస్తుంది.

పెరిక్ పని ఏమిటో విడిగా తెలుసుకోవాలంటే దొరికినప్పుడు ఒక జత ప్రయత్నించండి. ఇంగ్లండ్‌లో కెండల్ ఊరి శామ్యూల్ గావిత్ వాళ్ల ఫుల్ వర్జీనియా ఫ్లేక్‌లో పెరిక్ లేదు, సెయింట్ జేమ్స్ ఫ్లేక్‌లో ఉంది. రెండూ ఒకే కంపెనీవి, రెండూ బాగా తడిగా వస్తాయి, ఆరబెట్టాలి. సోమవారం ఒకటి, మంగళవారం ఇంకొకటి కాల్చితే తేడా పుస్తకం చదివినట్టు తెలుస్తుంది. మీ బావగారు మళ్లీ వచ్చేటప్పుడు అడగండి.

పాత రివ్యూలతో ఒక జాగ్రత్త. త్రీ నన్స్ అనే పేరున్న బిళ్లల పొగాకులో ఒకప్పుడు పెరిక్ ఉండేది. తర్వాత వచ్చినదాంట్లో దాని బదులు నిప్పు పొగ పట్టించిన కెంటకీ ఆకు వేశారు. డబ్బా మీద పేరు అదే. పాత రివ్యూ చదివి కొత్త డబ్బాలో పెరిక్ వెతికినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. నెల రోజులు నా ముక్కునే అనుమానించాను.

మీ దగ్గరున్న బిళ్లల్లో సగం ఇప్పుడే తీసి, శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరిన గాజు సీసాలో వేసి, మూత గట్టిగా బిగించి, తేదీ రాసి చీకటి అల్మరాలో పెట్టేయండి. ఫ్రిజ్‌లో వద్దు. వర్జీనియాలో చక్కెర ఉంది కాబట్టి అది మూసిన సీసాలో కూడా మారుతూనే ఉంటుంది, ముదురుతుంది, ఆ పచ్చి పులుపు తగ్గుతుంది. మిగతా సగంతో పైన చెప్పినట్టు మూడు రోజులు చూసి, ఏం తగిలిందో మీ మాటల్లోనే రాయండి. మంట ఇంకా ఉందంటే ఎంతసేపు ఆరబెట్టారో, ఒక గిన్నె ఎన్ని నిమిషాలు వచ్చిందో కూడా చెప్పండి. ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటే ఇంకేమీ అడగక్కర్లేదు, మీరు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు.